పాము విషం, పాలిమర్ కణం: నీ డ్రాఫ్ట్ చదివాక

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మంచి విషయం పట్టావు. కానీ ‘పాము కాటుకు నానో మందు వచ్చేసింది’ అన్న శీర్షిక మాత్రం ముందు తీసెయ్. రాలేదు కదా! కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో రసాయన శాస్త్రవేత్త కెన్నెత్ షే బృందం, విషాన్ని పట్టుకునే అతిచిన్న పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) కణాలను 2018లో చూపించింది ఎలుకల మీద, అదీ ఆఫ్రికాలో తిరిగే, విషం చిమ్మే నల్లమెడ నాగు విషంతో. నువ్వేమో మన నాగుపాము ఫోటో పెట్టావు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా, ఎక్కువ మంది పోయిన రాష్ట్రాల్లో మనవీ ఉన్నాయి. పొద్దున్నే పొలానికి వెళ్లేవాళ్లు నీ వ్యాసం చదువుతారు, వాళ్లకి లేని ఆశ పెట్టకూడదు.

అసలు చెప్పాల్సింది నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు: ‘నానో కణాలు ఎంజైమును నాశనం చేస్తాయి.’ చెయ్యవు, పట్టుకుంటాయి. అక్కడ ఆగి రాయి. విషంలో ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము ఉంటుంది, అది మన ఒంట్లోని జీవకణం పొరలో ఉండే కొవ్వును తెంచేస్తుంది, కాటు పడ్డ చోట చర్మం, కండ పాడవడానికి అదొక కారణం. షే బృందం చేసిందేంటంటే, నీటికి దూరంగా ఉండే గుణమున్న మోనోమర్లు (పాలిమర్‌ను కట్టే చిన్న అణువులు), విద్యుత్ ఛార్జ్ ఉన్న మోనోమర్లు రకరకాల పాళ్లలో కలిపి, ఏ పాళ్లతో చేసిన పాలిమర్ కణం విషాన్ని గట్టిగా పట్టుకుంటుందో ఒక్కొక్కటీ పరీక్షించి చూడటం. పనస జిగురు చేతికి అంటితే నీళ్లతో వదలదు కదా, నూనె రాయాలి. ఇక్కడా నీటిని తప్పించుకునే భాగాలు ఒకదానికొకటి అలాగే అతుక్కుంటాయి, ఛార్జ్ దానికి తోడవుతుంది. పాలిమర్ కణానికి అంటుకుపోయిన ఎంజైము జీవకణం పొర దాకా వెళ్లలేదు, పని ఆగిపోతుంది. ఇదే కుటుంబం పాలిమర్‌తో, వేడి చేస్తే ప్రోటీన్‌ను పట్టుకుని చల్లబరిస్తే వదిలేసే కణాలు కూడా చేశారు. నాకైతే ఈ విషయంలో అన్నిటికన్నా అందమైన భాగం ఇదే, నీ వ్యాసంలో దీని ఊసే లేదు!

పాము విషానికి విరుగుడు మందైన యాంటీవీనమ్‌ను తక్కువ చేసి రాసిన పేరా పూర్తిగా మార్చు. గుర్రాల రక్తం నుంచి తీసే ఆ మందే ఇవాళ ప్రాణం నిలబెడుతోంది. దాని ఇబ్బంది వేరే చోట ఉంది: నరానికి ఎక్కించిన మందు కాటు పడ్డ చోటికి చేరేలోపే అక్కడి కండ చెడిపోతుంది. ఈ కణాలను కాటు దగ్గరే ఇంజెక్షన్ చేస్తే ఆ నష్టం తగ్గుతుందా అన్నదే వాళ్ల ప్రశ్న, ఎలుకల్లో తగ్గింది. అంతవరకే రాయి.

ఇంకోటి, ‘విప్లవాత్మక’ అన్న మాట నాలుగుచోట్ల వాడావు, నాలుగూ కొట్టెయ్. ఆ జాగాలో కణం సైజు, ఏ జంతువు, ఏ పాము, ఏ సంవత్సరం అన్నవి పెట్టు. పాము కరిస్తే కట్టు కట్టకుండా, కోయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలన్న వాక్యం పైన, మొదటి పేరాలోనే ఉండాలి. ఇవన్నీ సరిచేసి ఆదివారంలోపు పంపు, ఫోటో నేను వెతుకుతాను.