శరదృతువులో నెల రోజులు ఏం చదవాలి? నా అనుభవం

ఋతువుకు తగ్గట్టు ఒక నెల చదవాలని ఉంది, శరదృతువుకు ఏవి బాగుంటాయి, ఎవరైనా అలా చదివారా అని అడిగారు. నేను 2024లో చదివాను. అక్టోబరు 3న, నవరాత్రులు మొదలైన రోజున పట్టుకుని దీపావళికి ముగించాను. మాది రాజమండ్రి. అమ్మకు చూపు తగ్గింది, అందుకని రోజూ రాత్రి డాబా మీద కూర్చుని పైకి చదివేవాణ్ణి.

మొదట్లో ఒక పొరపాటు చేశాను. నెట్‌లో దొరికిన ఇంగ్లిష్ పుస్తకాల జాబితాలు ముందేసుకున్నాను. వాటి నిండా రాలే ఆకులు, చలిమంటలు. మనకు ఆకు రాలేది శిశిరంలో కదా! మన శరత్తు వాన వెలిసిన కాలం. నాలుగు రోజులకే ఆ జాబితాలు పక్కన పెట్టేశాను.

తర్వాత కాళిదాసు ఋతుసంహారం తీశాను. అందులో మూడో సర్గ శరత్తుది, రెండు రాత్రుల్లో అయిపోతుంది. శరత్తు రెల్లుపూల చీర కట్టుకుని కొత్త పెళ్లికూతురిలా వస్తుందంటాడు. మర్నాడు పొద్దున్నే గోదావరి గట్టుకు వెళ్తే లంకల్లో రెల్లు తెల్లగా పూసి ఉంది. ఏటా చూసేదే, అయినా ఆ రోజు చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

కిష్కింధకాండకు పది రోజులు పట్టింది. వానాకాలమంతా రాముడు కొండ మీద ఎదురుచూస్తాడు. ఆకాశం తేటపడుతుంది, దారులు ఆరతాయి, సుగ్రీవుడు మాత్రం ఇచ్చిన మాట మరిచి సుఖంగా ఉంటాడు. శరత్తును వర్ణించే సర్గ చదువుతుంటే అమ్మ మధ్యలో ఆపి, "వెన్నెల బాగుండేకొద్దీ ఆయనకు బెంగ ఎక్కువవుతోందిరా" అంది. టీకల్లో ఎక్కడా నాకు అంత సూటిగా దొరకలేదు.

ఇక అసలు చెప్పాలనుకున్నది భారతం గురించి. నన్నయ అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో ఆగిపోయాడు. ఆయన చివరి పద్యంగా చెప్పేది శరత్కాలపు రాత్రుల మీదే. నక్షత్రాల హారాలు, కలువల వాసన మోసే గాలి, కర్పూరపు పొడిలా ఆకాశమంతా పరుచుకున్న వెన్నెల. అది పదకొండో శతాబ్దం, రాజరాజనరేంద్రుడి కాలం, మా ఊరే. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి రాశాడు. పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన వచ్చి ఆగిన చోటే అందుకున్నాడు. ఆయన మొదటి పద్యమూ శరత్తే, కానీ అది ఉదయం. ఎర్రటి లేత కిరణాలు, విచ్చుకునే తామరలు, హంసల, తుమ్మెదల సందడి. అక్కడ రాత్రి, ఇక్కడ తెల్లవారడం. మధ్యలో దాదాపు మూడు వందల ఏళ్లు. పైగా తన భాగాన్నీ రాజరాజుకే అంకితం చేశాడు.

నన్నయ పద్యాన్ని పౌర్ణమి రాత్రికని దాచుకున్నాను. ఆ రోజే మబ్బు పట్టింది. రెండు రోజులు ఆగి, చంద్రుడు కాస్త ఆలస్యంగా లేచాక చదివాను. ఉత్పలమాల కదా, గొంతు దానంతట అదే నెమ్మదించింది. తర్వాతి పద్యం ఆ రాత్రి చదవలేదు. పొద్దున ఆరింటికి అమ్మను రేవుకు తీసుకెళ్లి, మెట్ల మీద కూర్చుని ఎఱ్ఱన చంపకమాల చదివాను. వరద ఎరుపు పోయి నీళ్లు తేరుకున్నాయి. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నన్నయ ఆపిన చోట మొదలుపెట్టడమంటే చెయ్యి వణికి ఉంటుంది, పాపం" అంది.

మీకు నా సలహా ఒక్కటే. ఎక్కువ పుస్తకాలు పెట్టుకోకండి. టీకా తాత్పర్యాలున్న అరణ్యపర్వం ఒక్కటి దొరికినా చాలు. పద్యం ముందు పైకి చదవండి, అర్థం తర్వాత చూసుకోవచ్చు. నన్నయ పద్యం రాత్రి ఆరుబయట చదవండి, ఎఱ్ఱన పద్యాన్ని తెల్లవారేదాకా తెరవకండి.