తొమ్మిది వేల దాకా ఎందుకు లాగాలంటే

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు హోండా ఎస్2000 కొన్నావని, కానీ "అందరూ పొగిడినంత ఏమీ లేదు, మామూలు కారులాగే పోతోంది" అంటున్నావని మీ అమ్మ చెప్పింది. గేర్లు తొందరగా మార్చేస్తున్నావని నాకు వెంటనే అర్థమైంది. ఇన్నేళ్లూ ఇంజిన్ నిమిషానికి మూడు వేల సార్లు తిరగ్గానే (దాన్నే మూడు వేల ఆర్‌పీఎం అంటారు) పై గేర్ వేసి వేసి నీ చెయ్యి అలా అలవాటు పడిపోయింది తల్లీ.

నీది 1999లో వచ్చిన తొలి తరం మోడల్. రెండు లీటర్ల ఇంజిన్, గాలిని బలంగా నెట్టే టర్బో లేదు. దాదాపు 240 హార్స్‌పవర్ ఇస్తుంది, కానీ ఆ పవర్ మొత్తం 8,300 ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, కూడా 7,500 దగ్గరికి వెళ్తేనే పూర్తిగా అందుతుంది. ఇంచుమించు 6,000 దగ్గర వీటెక్ (వాల్వులు తెరుచుకునే తీరుని మార్చే హోండా ఏర్పాటు) పెద్ద క్యామ్‌కి, అంటే వాల్వుల్ని నొక్కి తెరిచే పెద్ద గుబ్బకి, మారుతుంది. అక్కడినుంచి వాల్వులు ఇంకా ఎత్తుకు, ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటాయి. శబ్దం ఒక్కసారిగా మారిపోతుంది, వీపు సీటుకి అతుక్కుంటుంది. నాలుగు వేలకే గేర్ మార్చేస్తుంటే ఆ రెండో ఇంజిన్‌ని నువ్వింకా చూడనేలేదన్నమాట.

గేర్ ఎప్పుడు మార్చాలని అడిగితే చాలామంది ఒక నంబర్ చెప్పి ఊరుకుంటారు. నువ్వు మాత్రం మార్చాక పై గేర్‌లో ఆర్‌పీఎం మీటర్ ఎక్కడికి పడుతుందో చూడు. నీ కారులో ఫస్ట్ గేర్ నిష్పత్తి 3.133, సెకండ్ 2.045. ఫస్ట్‌లో 7,000 దగ్గర మార్చావనుకో, దాన్ని 2.045తో గుణించి 3.133తో భాగించు, సెకండ్‌లో సుమారు 4,570కి పడతావు. మళ్లీ ఆరు వేలు ఎక్కేదాకా కారు ఈడ్చుకుంటూ పోతుంది. అదే 9,000 దాకా ఉంచి మారిస్తే 5,870 దగ్గర పడతావు, వీటెక్ గుమ్మంలోనే. కాగితం తీసుకుని నువ్వే ఒకసారి లెక్క వేసి చూడు, గేర్ రాడ్ మీద చెయ్యి ఎప్పుడు కదలాలో దానికదే తెలిసిపోతుంది. అలాగే 9,000 దగ్గర మారిస్తే సెకండ్ నుంచి థర్డ్‌కి 6,500 దగ్గర, థర్డ్ నుంచి ఫోర్త్‌కి 7,000 పైన పడుతుంది. పైకి వెళ్లేకొద్దీ గేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ కాస్త ముందే మార్చినా పెద్దగా నష్టం లేదు. ఫస్ట్‌లో మాత్రం తొందరపడకు.

8,300 దాటాక పవర్ తగ్గుతుంది కదా, అక్కడే ఎందుకు మార్చకూడదు అని అడుగుతావేమో. కింది గేర్ ఇంజిన్ టార్క్‌ని ఎక్కువ రెట్లు చేసి చక్రాలకి పంపుతుంది. అందుకే ఇంజిన్ కొంచెం నీరసించినా, పై గేర్ ఇచ్చే లాగుడుకన్నా అదే ఎక్కువ. లిమిటర్ (ఇంజిన్ మరీ ఎక్కువ తిరగకుండా అడ్డుకునే ఏర్పాటు) తగిలి పెట్రోల్ ఆగిపోయేదాకా మాత్రం లాగకు, ఆ కుదుపులో సంపాదించిందంతా పోతుంది. ఫస్ట్‌లో మీటర్ మహా వేగంగా ఎక్కుతుంది, 8,500 కనిపించగానే చెయ్యి సిద్ధంగా ఉండాలి.

ఇదంతా ట్రాక్ మీదే. రెడ్‌లైన్ (మీటర్‌లో ఎర్ర గుర్తు) దాకా లాగితే సెకండ్ గేర్‌లోనే గంటకు వంద కిలోమీటర్లు దాటిపోతావు, రోడ్డు మీద అది ఎవరికీ మంచిది కాదు. రోజూ తిరిగేటప్పుడు మూడు వేలకు మార్చుకో, హాయిగా పోతుంది. కానీ సిక్స్త్‌లో పదిహేను వందల దగ్గర యాక్సిలరేటర్ అదిమి ఇంజిన్‌ని మూలిగించకు, ఒక గేర్ దించు. మలుపులో గేర్ మార్చకు. అది వెనక చక్రాలతో నడిచే కారు, మధ్యలో కుదుపు వస్తే తోక పక్కకి జారుతుంది. మలుపుకి ముందే కావలసిన గేర్‌లో ఉండాలి.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం రెండుసార్లు చదువు. నీ వయసులో ఒకసారి ట్రాక్ మీద థర్డ్ నుంచి ఫోర్త్‌కి వెళ్లబోయి, ఆత్రంలో రాడ్‌ని ఎడమకి గుంజాను. అది సెకండ్‌లో పడింది. క్లచ్ వదిలిన మరుక్షణం ఒక పెద్ద కేక, ఆ తర్వాత టకటకమని ఇనుము చప్పుడు. వాల్వులు పిస్టన్‌లకి కొట్టుకుని వంగిపోయాయి. నీ కారులో లెక్క వేస్తే, థర్డ్‌లో 8,000 దగ్గర సెకండ్ పడితే ఇంజిన్ 11,000 తిరగాలి. లిమిటర్ కాపాడుతుందనుకోకు. అది ఆపేది పెట్రోల్‌ని, అప్పుడు ఇంజిన్‌ని తిప్పేవి చక్రాలు. అందుకే రాడ్‌ని పిడికిలితో పట్టుకోకు. థర్డ్ నుంచి ఫోర్త్‌కి అరచేత్తో తిన్నగా వెనక్కి లాగు చాలు, దాని దారి అది చూసుకుంటుంది. గేర్ దించేటప్పుడు కూడా ఒక్కొక్కటే దించు.

చల్లటి ఇంజిన్‌ని ఎప్పుడూ రేస్ చేయకు. కూలెంట్ మీటర్ మామూలుకి వచ్చినా ఆయిల్ ఇంకా వేడెక్కదు. పది పదిహేను నిమిషాలు నాలుగు వేల లోపే నడుపు. ఇంత పైదాకా తిరిగే ఇంజిన్ ఆయిల్ తాగుతుంది, రెండుసార్లు పెట్రోల్ పోయించాక ఒకసారైనా ఆయిల్ మట్టం చూసే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూడు.

వచ్చేవారం ట్రాక్‌కి వెళ్తున్నావట కదా. ముందు 7,000కి మార్చి ఒక రౌండ్, తర్వాత 8,800కి మార్చి ఇంకో రౌండ్ వెయ్యి. సెకండ్‌లో మీటర్ ఎక్కడెక్కడ పడిందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య