సందేహాలు – సమాధానాలు: ‘తొలి నల్లజాతి వ్యోమగామి’ ఎవరు?

సందేహం: విమానయానంలో, అంతరిక్షయానంలో దారి వేసిన నల్లజాతివారి గురించి మా పాఠశాల గోడపత్రికకు ఒక వ్యాసం రాశాను. అందులో ‘1983లో అంతరిక్షంలోకి వెళ్ళిన గయన్ బ్లూఫోర్డ్ తొలి నల్లజాతి వ్యోమగామి’ అనే వాక్యం ఉంది. సహోపాధ్యాయుడు ఒకరు ‘నల్లజాతి’ అవమానకరమైన మాట, ‘ఆఫ్రికన్ అమెరికన్’ అని దిద్దండి అన్నారు. రెండూ ఒకటే కదా? మే జెమిసన్‌ను ‘వ్యోమగామి’ అనాలా, ‘వ్యోమగామిని’ అనాలా? ఆమె ‘వెళ్ళింది’ అని రాస్తే చాలదా? రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన నల్లజాతి ‘టస్కీగీ ఎయిర్‌మెన్’ను ‘టస్కీగీ పైలట్లు’ అనవచ్చా? – ఒక ఉపాధ్యాయిని, తెనాలి

సమాధానం: మీ సహోపాధ్యాయుడు చెప్పిన దిద్దుబాటు సరైనదే, చెప్పిన కారణమే సరికాదు.

‘నల్లజాతి’ నేటి తెలుగులో తిట్టు కాదు. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ గౌరవంగానే వాడుతున్న మాట. వదిలేయవలసింది ‘నీగ్రో’ను. పాత తెలుగు పుస్తకాల్లో అది విరివిగా కనిపిస్తుంది. ఆనాటి రచయితలు దాన్ని ద్వేషంతో వాడారని అనలేం గానీ ఈనాడు మనం వాడితే ఆ సాకు చెల్లదు. ‘నల్లవాడు’, ‘నల్లామె’ అనే మాటలూ ఇక్కడ పనికిరావు. మన వాడుకలో అవి ఒంటి చాయను చెబుతాయి. మేనమామ నల్లవాడు కావచ్చు, కృష్ణుడూ నల్లనివాడే. ‘జాతి’ చేరినప్పుడే ఆ మాట ఒక సమూహాన్నీ దాని చరిత్రనూ సూచిస్తుంది. మనుషుల్లో జాతులనేవి శాస్త్రానికి నిలవవు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. అయితే విమాన శిక్షణశాలల తలుపులు మూసినవారు శాస్త్రాన్ని అడిగి మూయలేదు. ఆ వివక్ష గురించి రాయాలంటే అది పట్టుకున్న పేరును పలకక తప్పదు.

మరి మీ వాక్యాన్ని ఎందుకు దిద్దాలి? అది నిజం కాదు కాబట్టి. బ్లూఫోర్డ్ కంటే మూడేళ్ళ ముందే, 1980 సెప్టెంబరు 18న, ఆర్నాల్డో తమాయో మెండెస్ సోవియట్ నౌక సోయుజ్-38లో అంతరిక్షానికి వెళ్ళారు. ఆయన క్యూబా వైమానిక దళ పైలట్, ఆఫ్రికా మూలాలున్నవారు. నల్లజాతీయుడే, కానీ ఆఫ్రికన్ అమెరికన్ కాడు. మొదటి మాట ప్రపంచమంతటికీ వర్తిస్తుంది. రెండోది అమెరికా పౌరులకే పరిమితం. మన పత్రికలు ఒకే మాట పదేపదే రాయడం ఇష్టంలేక ఒక పేరాలో ఇది, మరో పేరాలో అది వేస్తుంటాయి. మామూలు వాక్యాల్లో దానివల్ల పెద్ద నష్టం లేదు. ముందు ‘తొలి’ చేరిందంటే మాత్రం ఒక మాట నిజమవుతుంది, రెండోది అబద్ధమవుతుంది.

నిజానికి మీ ఇద్దరి దృష్టీ ‘నల్లజాతి’ మీదే నిలిచింది. తూచి చూడవలసిన మాట ‘తొలి’. ఏ పనిలో తొలి అన్నది చెప్పకుండా ‘తొలి నల్లజాతి వ్యోమగామి’ అంటే, ఇంటిపేరు చెప్పకుండా రామారావుగారి ఇల్లెక్కడ అని ఊళ్ళో అడిగినట్టే ఉంటుంది. ఆ పేరుకు హక్కుదారులు నలుగురున్నారు. 1960ల మొదట్లో ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో అంతరిక్ష పైలట్ల శిక్షణకు వెళ్ళిన ఎడ్ డ్వైట్‌ను నాసా చివరికి తీసుకోలేదు. ఆయన సైన్యం వదిలి తరువాత శిల్పిగా పేరు తెచ్చుకున్నారు. 1967 జూన్‌లో రాబర్ట్ లారెన్స్‌ను అమెరికా వైమానిక దళం తన అంతరిక్ష ప్రయోగశాల పథకానికి ఎంపిక చేసింది. అదే ఏడాది డిసెంబరు 8న యుద్ధవిమాన ప్రమాదంలో ఆయన మరణించారు. తరువాత తమాయో, ఆ తరువాత బ్లూఫోర్డ్.

ఈ చిక్కును విప్పడానికి తెలుగు వ్యాకరణమే మంచి సాధనం ఇచ్చింది. నామవాచకానికి ముందు వచ్చే క్రియాజన్య విశేషణం, అంటే ‘వెళ్ళిన’, ‘ఎంపికైన’ వంటి రూపం, ‘తొలి’కి హద్దు గీస్తుంది. అంతరిక్షయాత్రకు *శిక్షణ పొందిన* తొలి నల్లజాతి పైలట్ డ్వైట్. వ్యోమగామిగా *ఎంపికైన* తొలి ఆఫ్రికన్ అమెరికన్ లారెన్స్. అంతరిక్షంలోకి *వెళ్ళిన* తొలి నల్లజాతీయుడు తమాయో. అలా వెళ్ళిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ బ్లూఫోర్డ్. ఎవరి ఘనతా ఎవరికీ అడ్డు రాలేదు. మీ వాక్యంలోనూ ‘వెళ్ళిన’ ఉంది, కానీ అది బ్లూఫోర్డ్ పేరుకు ముందు కూర్చుంది. దాన్ని ‘తొలి’కి ముందుకు జరపండి: ‘గయన్ బ్లూఫోర్డ్ అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి ఆఫ్రికన్ అమెరికన్.’

బ్లూఫోర్డ్ ప్రయాణించిన చాలెంజర్ వ్యోమనౌక 1983 ఆగస్టు 30న రాత్రివేళ బయలుదేరింది. మరునాడు ఆ బృందం కక్ష్యలోకి వదిలింది మన ఇన్సాట్-1బి ఉపగ్రహాన్నే. ఆ తరువాతి ఏళ్ళలో దూరదర్శన్ ఊరూరికీ చేరడానికి ఆధారం అదే. మీ గోడపత్రికలో ఈ సంగతి చేర్చండి, పిల్లలకు బ్లూఫోర్డ్ ఇంకాస్త దగ్గరవుతారు.

హద్దు మారితే మనిషే మారిపోతారనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ బెస్సీ కోల్‌మన్. అమెరికాలో ఏ శిక్షణశాలా చేర్చుకోకపోతే ఆమె షికాగోలో ఫ్రెంచి నేర్చుకుని, ఫ్రాన్సు వెళ్ళి, లె క్రొటాయ్‌లోని కోడ్రన్ సోదరుల పాఠశాలలో విమానం నడపడం నేర్చారు. 1921 జూన్ 15న లైసెన్సు అందుకున్నారు. ఇప్పుడు ఈ రెండు వాక్యాలు చూడండి. ‘పైలట్ లైసెన్సు పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ’ అంటే కోల్‌మన్. ‘అమెరికాలో పైలట్ లైసెన్సు పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ’ అంటే విల్లా బ్రౌన్, అది 1938 నాటి మాట. ఒక్క ‘అమెరికాలో’ చేరితే పదిహేడేళ్ళు ముందుకు జరిగి వేరే మనిషి దగ్గర ఆగాం. పోనీ ‘మహిళ’ తీసేసి చూద్దామంటే, 1917లోనే ఫ్రాన్సు తరఫున యుద్ధవిమానం నడిపిన జార్జియా రాష్ట్రవాసి యూజీన్ బుల్లార్డ్ ఎదురవుతారు. ఇలాంటి వాక్యంలో అలంకారానికి వచ్చిన మాట ఒక్కటీ ఉండదు. సంపాదకుడు చోటు చాలక ఏది కత్తిరించినా చరిత్ర తెగుతుంది.

మన ‘తొలి తెలుగు వ్యోమగామి’ శీర్షికలకూ ఇదే తెగులు. 2021 జూలైలో శిరీష బండ్ల, అదే ఏడాది నవంబరులో రాజా చారి, 2024 మే 19న విజయవాడకు చెందిన గోపీ తోటకూర, ముగ్గురికీ ఆ బిరుదును ఎవరో ఒకరు తగిలించారు. ముగ్గురి ప్రయాణాలూ మూడు రకాలు. శిరీష చేరిన ఎత్తును అమెరికా లెక్క అంతరిక్షమంటుంది, వంద కిలోమీటర్ల పైనే అంతరిక్షమనే అంతర్జాతీయ లెక్క అనదు. రాజా చారి నెలల తరబడి అంతరిక్ష కేంద్రంలో పనిచేశారు. గోపీ కొద్ది నిమిషాల యాత్రికుడు. ఆయనతోపాటు అదే నౌకలో కూర్చున్నవారిలో, అప్పటికి తొంభై ఏళ్ళు నిండిన ఎడ్ డ్వైట్ ఉన్నారు. అరవై ఏళ్ళ కిందట తప్పిపోయిన ప్రయాణం అది. కాబట్టి డ్వైట్ విషయంలో ‘శిక్షణ పొందిన తొలి’తోపాటు ‘వెళ్ళిన’ కూడా ఇప్పుడు రాయవచ్చు, ‘తొలి’ లేకుండా.

ఇక ‘వ్యోమగామిని’. వ్యోమం అంటే ఆకాశం, గామి అంటే వెళ్ళేవాడు. సంస్కృతం ప్రకారం స్త్రీకి ‘గామిని’ అన్నది నిర్దుష్టమైన రూపం. ‘ఉద్యోగిని’, ‘విద్యార్థిని’ అలా వచ్చినవే. చిక్కు తెలుగు విభక్తితో వచ్చింది. ‘వ్యోమగామిని అభినందించారు’ అంటే ఎవరో వ్యోమగామి అభినందనలు అందుకున్నట్టా, ఒక స్త్రీ ఇతరులను అభినందించినట్టా? ‘విద్యార్థిని’కీ ఈ బాధ ఉంది గానీ అలవాటు దాన్ని మోస్తోంది. కొత్తగా మరొకటి తెచ్చిపెట్టుకోవడం దేనికి? ‘వ్యోమగామి’ని అందరికీ వాడండి. ‘మహిళా’ అన్న విశేషణం అవసరమైనచోట మాత్రమే చేర్చండి. 1992 సెప్టెంబరు 12న ఎండీవర్‌లో వెళ్ళిన జెమిసన్ ‘అంతరిక్షంలోకి వెళ్ళిన తొలి నల్లజాతి మహిళ’ అనే వాక్యంలో అది కావాలి. ‘వృత్తిరీత్యా వైద్యురాలైన ఈ మహిళా వ్యోమగామి’ అని తరువాతి వాక్యంలో మళ్ళీ ఎందుకు? ‘వైద్యురాలు’ అన్నాక ఆ సంగతి తెలిసిపోయింది.

‘వెళ్ళింది’ చాలదా అన్నారు. చాలదు. ‘ఎండీవర్ నింగికి వెళ్ళింది, జెమిసన్ వెళ్ళింది’ అంటే నౌకకూ మనిషికీ ఒకే క్రియ పడుతుంది. తెలుగులో స్త్రీ ఏకవచనం అమహత్తుతో, అంటే పశుపక్ష్యాదులనూ వస్తువులనూ చెప్పే రూపంతో, కలిసిపోవడం మనకు వ్యాకరణం మోపిన భారం. మర్యాద బహువచనం దాన్ని కొంత దించుతుంది. మీ వ్యాసంలో బ్లూఫోర్డ్ ‘వెళ్ళారు’, జెమిసన్ ‘వెళ్ళింది’ అని ఉంటే అది మరీ అన్యాయం. ఈ వ్యక్తుల విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. కోల్‌మన్ పుట్టి పెరిగిన కాలంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవారు నల్లజాతి పెద్దలను మిస్టర్, మిసెస్ అని సంబోధించేవారు కాదు. ఎంత వయసువారినైనా ఉత్త పేరుతో పిలిచేవారు, మగవారైతే ‘బాయ్’ అనేవారు. ఆ గౌరవవాచకం కోసం న్యాయస్థానాల దాకా వెళ్ళవలసి వచ్చింది. ఆంగ్లంలో ‘షి’ అన్నప్పుడు ఆ తేడా తెలియదు. తెలుగులో ప్రతి క్రియలోనూ తెలుస్తుంది. ఇవ్వగలిగిన భాష ఉండి ఇవ్వకపోవడం లోభమే.

టస్కీగీ విషయం: ‘పైలట్లు’ అంటే తక్కువైపోతుంది. 1941 నుంచి అలబామాలోని టస్కీగీలో దాదాపు వెయ్యి మంది నల్లజాతి పైలట్లు తయారైన మాట నిజం. 1942 మార్చిలో శిక్షణ ముగించిన మొదటి జట్టు అయిదుగురే, తరువాత అమెరికా వైమానిక దళంలో జనరల్ అయిన బెంజమిన్ డేవిస్ వారిలో ఒకరు. కానీ ఆ పేరు కింద మెకానిక్కులు, దిశానిర్దేశకులు, నర్సులు, ఇంకా ఎన్నో వేల మంది ఉన్నారు. ‘వైమానికులు’ అన్నా పాఠకుడు విమానం నడిపేవారనే అనుకుంటాడు. ‘టస్కీగీ వైమానిక దళం’ అని ఒక అనువాదంలో చూశాను, అది మరీ తప్పు, అలాంటి వేరే దళం ఏదీ లేదు. ‘టస్కీగీ వైమానిక సైనికులు’ అని రాయండి. నడిపినవారి గురించి చెప్పే వాక్యాల్లో ‘టస్కీగీ పైలట్లు’ అన్నా దోషం లేదు.