ఆ చీటీ మడిచాడా, నలిపాడా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తండ్రి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చే ఘట్టం చదువుతుంటే గొంతు పట్టేసింది. ఒక్క మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆయన ముఖానికీ, చొక్కాకీ, చేతిలోని చీటీకీ, మూడింటికీ ‘రింకిల్డ్’ అనే రాశావు.

ఇంగ్లిష్‌లో ఆ మాట చర్మానికీ బట్టకీ చెల్లుతుంది. ప్యాంటుకి ఇస్త్రీతో తీర్చిన నిలువు గీత అయితే క్రీజ్. ఉండలా నలిపేసిన కాగితం క్రంపుల్డ్. మనకీ ఆ తేడాలున్నాయి. వయసుతో చర్మం మీద పడేది ముడత, చేత్తో వేసేది మడత. రాసేటప్పుడు తేడా ఒక్క కొమ్మే. కానీ ‘ముఖం మీద మడతలు’ అంటే ఆ ముఖాన్ని ఎవరో మడిచిపెట్టినట్టుంటుంది. బట్టకి ముడతలనీ అంటాం, నిజమే. అయినా రాత్రంతా ఆసుపత్రి బల్ల మీద కునికిపాట్లు పడ్డ మనిషి చొక్కాని ‘నలిగిపోయింది’ అంటేనే ఆ రాత్రి కనిపిస్తుంది.

ఇక ఆ చీటీ. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడా, గుప్పిట్లో నలిపేశాడా? దాచుకున్నవాడికి అది కావాలి. నలిపినవాడిలో కోపమో భయమో ఉంది. పదేపదే విప్పి చూసుకుని ఉంటే మడత దగ్గర కాగితం అరిగి, అక్కడి అక్షరాలు చెరిగిపోతాయి. ఇది నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు, నువ్వే చెప్పాలి.

ఇంకోచోట ‘ముక్కు ముడతలు పెట్టింది’ అన్నావు. మనం ముక్కు చిట్లిస్తాం. కనుబొమలైతే ముడివేస్తాం.

ఒక సంగతి నాకు భలే ఇష్టం. ‘రింకిల్’ తాలూకు పాత ఇంగ్లిష్ రూపానికి మెలికలు తిరిగినది అనే అర్థం ఉండేది. ఇప్పటికీ వ్యవహారంలో అనుకోని చిక్కొస్తే ఇంగ్లిష్‌లో కొత్త రింకిల్ అంటారు. దాన్ని ‘కొత్త ముడత’ అని రాసినవాళ్ళని చూశాను. ‘కేసులో కొత్త మెలిక’ అని మనం రోజూ అంటూనే ఉన్నాం కదా!

చీటీ సంగతి తేల్చుకుని ఆ పేరా మళ్ళీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.