పాత స్విఫ్ట్‌కు 16 అంగుళాల అలాయ్‌లు వేయించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: కారు 2010 మోడల్ స్విఫ్ట్ డీజిల్, కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల స్టీల్ డిస్కులు (రిమ్‌లు), 165/80 ఆర్14 టైర్లు. టైర్లు అరిగిపోయాయి కనుక, ఎలాగూ ఖర్చు తప్పదు కనుక, దుకాణదారు చెప్పినట్టు 16 అంగుళాల అలాయ్‌లు, 195/50 టైర్లు తీసుకోవాలా అని అడుగుతున్నారు. నేను ఇదే మోడల్ ఉన్న నా కారుకు ఇదే కొలత వేయించి, పద్నాలుగు నెలలు తిరిగి, చివరకు 15 అంగుళాలకు మారాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, 16 వద్దు. అలాయ్‌లు వేయించాలన్న కోరిక గట్టిగా ఉంటే 15 అంగుళాల రిమ్, 185/65 ఆర్15 టైరు మీ కారుకు సరిపోతాయి.

కారణం లెక్కలోనే ఉంది. టైరు మీద 165/80 ఆర్14 అని ఉంటే, వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 132 మిల్లీమీటర్లు. రిమ్ వ్యాసానికి ఈ ఎత్తును రెండుసార్లు కలిపితే చక్రం మొత్తం వ్యాసం దాదాపు 620 మిల్లీమీటర్లు వస్తుంది. ఇదే లెక్కన 185/65 ఆర్15 టైరుకు 621 పైచిలుకు వస్తుంది, అంటే తేడా రెండు మిల్లీమీటర్లే. 195/50 ఆర్16 మాత్రం 601 దగ్గరే ఆగిపోతుంది. చక్రం మూడు శాతం చిన్నదైతే కారు తొమ్మిది మిల్లీమీటర్లు నేలకు దిగుతుంది, స్పీడోమీటరు ఉన్న వేగం కన్నా ఎక్కువ చూపిస్తుంది, ఓడోమీటరు తిరగని కిలోమీటర్లను కూడా లెక్కవేస్తుంది. మైలేజీ పెరిగిందని మొదటి రెండు నెలలు నేను సంతోషించడానికి కారణం ఇదే; కిలోమీటర్ల లెక్క సరిచేసుకుని చూస్తే నిజానికి అది తగ్గింది.

అంతకన్నా ముఖ్యమైనది పక్కగోడ. 132 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 97 మిగిలితే, గుంతలో పడినప్పుడు రిమ్‌ను కాపాడే గాలి దిండు పావు వంతుకు పైగా పలచబడిందన్న మాట. ఒక వానాకాలం రాత్రి, నీళ్లు నిండిన గుంత కనబడక, నా కారు ముందు ఎడమ చక్రం అందులో పడింది. రిమ్ లోపలి అంచు వంగింది, టైరు పక్కగోడ మీద నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. అలా ఉబ్బితే లోపలి దారాలు తెగినట్టే, దానికి పంక్చర్ షాపులో మరమ్మతు లేదు, టైరు మార్చాల్సిందే. స్టీల్ డిస్కు వంగితే సాగగొట్టి మళ్లీ వాడుకోవచ్చు, కానీ పోత పోసిన అలాయ్‌ను వేడిచేసి సాగదీస్తే కంటికి కనబడని పగుళ్లు మిగిలిపోయే ప్రమాదం ఉంది. మన ఊళ్ల రోడ్ల మీద, కుటుంబంతో నిండా ఎక్కి తిరిగే కారుకు, పక్కగోడ ఎత్తును నేను ఇక ఎప్పుడూ వదులుకోను.

బరువు మోసే శక్తిని కూడా చూడండి. టైరు కొలత పక్కనే 85టీ, 88హెచ్ వంటి గుర్తు ఉంటుంది. అంకె లోడ్ ఇండెక్స్, అక్షరం వేగ పరిమితి. 85 అంటే ఒక్కో టైరుకు 515 కిలోలు, 88 అంటే 560, 84 అంటే 500. దుకాణంలో నాకు వేసిన 195/50 టైర్ల మీద 84 ఉంది. వెడల్పాటి టైరు కనుక ఎక్కువ బరువు మోస్తుందని నేను ఊహించుకున్నాను, అది కంపెనీ టైరు కన్నా తక్కువ మోసేదని తర్వాతే తెలిసింది. డీజిల్ ఇంజిను బరువంతా ముందు చక్రాల మీదే ఉంటుంది కనుక, లోడ్ ఇండెక్స్ 85 కన్నా తక్కువ ఉన్న టైరును ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

ఇక రిమ్ సంగతి. స్విఫ్ట్‌కు నాలుగు బోల్టులు, పీసీడీ, అంటే ఆ బోల్టుల మధ్యల గుండా గీసిన వలయం వ్యాసం, 100 మిల్లీమీటర్లు. ఫోర్డ్ ఫిగోకు 108, ఫియట్ పుంటోకు 98 కనుక, వాటి నుంచి తీసిన సెకండ్‌హ్యాండ్ అలాయ్‌లు కంటికి ఒకేలా ఉన్నా ఒకదానివి మరొకదానికి పట్టవు. ఎక్కువమంది పట్టించుకోనిది నడిమి రంధ్రం. ఆ రంధ్రంలో కూర్చునే స్విఫ్ట్ హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు భాగం) కొలత 54.1 మిల్లీమీటర్లు, బయట దొరికే అలాయ్‌లకు చాలావరకు 67.1 గానీ 73.1 గానీ ఉంటుంది, అన్ని కార్లకూ పట్టాలని అలా చేస్తారు. మధ్యలో ఖాళీని నింపడానికి హబ్ రింగు వేయాలి. నా కారుకు వేయలేదు. ఎనభై దాటగానే స్టీరింగు వణికేది, రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు. చివరకు ఒక పెద్దాయన చక్రం విప్పి ఆ ఖాళీని వేలితో చూపించి, నాలుగు రింగులు వేస్తే ఆ రోజే వణుకు పోయింది.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ వెడల్పు మధ్య గీతకు, అది హబ్‌కు ఆనుకునే చోటుకు మధ్య దూరం; అది రిమ్ వెనకవైపు ఈటీ అన్న గుర్తుతో మిల్లీమీటర్లలో ఉంటుంది. ఉదాహరణకు 5.5జె (5.5 అంగుళాల) వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ తీసి 6.5జె, ఈటీ 38 వేస్తే, చక్రం బయటి అంచు దాదాపు 20 మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది. వెనక ముగ్గురు కూర్చుని, డిక్కీలో సామాను పెట్టి స్పీడు బ్రేకరు దాటినప్పుడు మడ్‌గార్డుకు టైరు రాసుకునే చప్పుడు వస్తే అది ఈ జరుగుడు వల్లే. వీల్ బేరింగు మీద భారం కూడా పెరుగుతుంది. 185/65 టైరుకు 5.5జె రిమ్ చక్కగా సరిపోతుంది, కంపెనీ ఆఫ్‌సెట్‌కు వీలైనంత దగ్గరగా ఉన్నదే అడగండి. అలాయ్ అంటే తేలిక అనే నమ్మకం కూడా అన్నిసార్లూ నిజం కాదు. చవక రకం 16 అంగుళాల పోత అలాయ్ మీ పాత డిస్కు కన్నా బరువుండవచ్చు, కనుక రెండింటినీ తూకం వేయించి చూడండి. ఒక్కో రిమ్ ఎంత బరువు మోయగలదో దాని వెనక పోతలోనే ఉండాలి, అది లేని రిమ్‌ను నేను చేతితో కూడా ముట్టను.

పదిహేనేళ్లు దాటిన కారు కనుక, డబ్బు కట్టే ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, షాక్ అబ్జార్బర్లు చూపించుకోండి. అవి అరిగి ఉంటే కొత్త టైర్లు ఒక్క వైపే అరిగిపోతాయి, అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా నిలవదు. బడ్జెట్ అలాయ్‌లకో మంచి టైర్లకో ఒకదానికే సరిపోతే, ఉన్న డిస్కులకు రంగు వేయించి మంచి టైర్లు కొనుక్కోండి. కొనేటప్పుడు పక్కగోడ మీది నాలుగంకెల తయారీ గుర్తు చదవండి. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారం తయారైంది. ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్న టైరు, అంచులు మెరుస్తున్నా, కొత్తది కాదు.

15 అంగుళాలకు మారితే పాత స్టీల్ డిస్కుల్లో మంచిదాన్ని స్టెప్నీగా ఉంచుకోండి, వ్యాసం దాదాపు సమానం కనుక ఇంటికో పంక్చర్ షాపుకో చేరడానికి ఇబ్బంది ఉండదు. అలాయ్ నట్లు డిస్కుకు సరిగా కూర్చోకపోవచ్చు కనుక పాత నట్లు నాలుగు డిక్కీలోనే ఉంచండి. కొత్త చక్రాలు వేయించిన తర్వాత వంద కిలోమీటర్లలోపే నట్లన్నీ టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) మళ్లీ ఒకసారి బిగించి చూడమనండి. నా కారుకు అలా చూసినప్పుడు రెండు నట్లు వదులుగా ఉన్నాయి.