పిండ కణాలతో ఊపిరితిత్తి బాగవుతుందా?

ప్రశ్న: నాన్నగారికి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. దానమిచ్చిన పిండ కణాలు ఎక్కిస్తే నయమవుతుందంటున్నారు. రెండెకరాలు అమ్మాలా? – పాఠకురాలు, అమలాపురం

జవాబు: అమ్మొద్దు తల్లీ. ఇది ఇంకా పరిశోధనే. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థవారు 20–22 వారాల పిండపు ఊపిరితిత్తిలో మూలకణాలు (కొత్త కణాలను పుట్టించే స్టెమ్ సెల్స్) పుష్కలమని 2015లో చూపారు. వాటిని రక్తనాళం గుండా చిట్టెలుకలకు ఎక్కించారు. కానీ నిండుగా పైరున్న చేలో కొత్త నాట్లు కుదరవు కదా! చోటు ఖాళీ కావాలని ముందే నాఫ్తలీన్‌తో (కలరా ఉండల్లోని రసాయనం) ఊపిరితిత్తులను గాయపరిచి, రేడియేషన్ ఇచ్చారు. మనిషికి నాఫ్తలీన్ ఇవ్వలేం; చిక్కంతా అక్కడే. పైగా బయటి కణాలను శరీరం తిప్పికొడుతుంది.

ఈ కణాలు గర్భస్రావమైన పిండం నుంచి తీసుకునేవి. అందుకే మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నిబంధనల ప్రకారం గర్భస్రావానికీ, కణజాల దానానికీ తల్లి సమ్మతి వేర్వేరుగా తీసుకోవాలి. ఎవరైనా ఈ చికిత్స చేస్తామంటే సీటీఆర్‌ఐ (మన దేశంలో మనుషులపై జరిగే వైద్య ప్రయోగాల నమోదు పట్టిక) నమోదు సంఖ్య అడిగి, ఆ వెబ్‌సైట్‌లో సరిచూడండి. ప్రయోగ చికిత్సకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇప్పుడు వాడుతున్న మందులు మాత్రం ఆపకండి.