పీఎస్‌ఎల్‌వీ పేపర్ మోడల్: గొట్టం పలకలుగా విరుగుతుంటే

మీ పీఎస్‌ఎల్‌వీ (ఇస్రో రాకెట్) పేపర్ మోడల్ గొట్టం చుట్టేటప్పుడు పలకలుగా విరుగుతోందని, అతుకు దగ్గర ఉబ్బుతోందని రాశారు కదా. పలకలుగా విరగడంలో తప్పు మీ చేతిది కాదండీ, కాగితానిది. కార్డ్‌స్టాక్‌లో (మోడళ్లకు వాడే మందపాటి కాగితంలో) నారలు ఎక్కువగా ఒకే దిక్కున ఉంటాయి. షీటును నిలువుగా, అడ్డంగా మెల్లగా వంచి చూడండి. ఎటు సులువుగా వంగితే అటే చుట్టాలి. అప్పుడు నారలు రాకెట్ పొడవునా ఉంటాయి.

మీది 1:100 స్కేలు. అసలు రాకెట్ ఎత్తు 44 మీటర్లు, మొదటి దశ వ్యాసం 2.8 మీటర్లు. అంటే మీ గొట్టం వ్యాసం 2.8 సెంటీమీటర్లే. అంత సన్నని దానికి మీ 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) కాగితం మొండికేస్తుంది, 180 చాలు. అతికించే ముందు షీటును టేబుల్ అంచు మీద రెండు మూడుసార్లు లాగి, సన్నటి అప్పడాల కర్రకు చుట్టి కాసేపు వదిలేయండి. (మా ఇంట్లో ఆ కర్ర కోసం రోజూ గొడవే.)

అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించకండి. రెండూ ఆనించి, లోపల సెంటీమీటరు పట్టీ అంటించండి. ఫెవికాల్ అగ్గిపుల్లతో పలచగా రాయండి; ఎక్కువైతే కాగితం నాని ఉబ్బుతుంది. మీకు జరిగింది అదే అనుకుంటా. ఆ అతుకు ఏదో ఒక స్ట్రాపాన్ (మొదటి దశ పక్కన అంటి ఉండే చిన్న రాకెట్) వెనక్కి వచ్చేలా తిప్పి పెట్టండి, ఎవరికీ కనపడదు.